పాసైన బుల్లెట్

15 ఏళ్ళు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ చేస్తే మరో 5 ఏళ్ళు. మా పాత 350 బుల్లెట్‌ది కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడికాలి వైపు గేర్లు. ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు, హారన్, బ్రేకులు చూశారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలాయి. పాసైంది.

అయితే ఏం? కాంటాక్ట్ పాయింట్లు మసిబారినా, గ్యాప్ కాస్త తగ్గినా, పొద్దున్నే కిక్కు కొట్టీ కొట్టీ చొక్కా తడిసిపోతుంది. ఆ సంగతి ఏ ఫారంలోనూ ఉండదు. మా మెకానిక్ మాత్రం ట్యాపెట్ల చప్పుడు వినే ఇంజన్ సంగతి చెప్పేస్తాడు (ఫీజూ తక్కువే). ముందు డ్రమ్ బ్రేకు సంగతంటారా, కొత్తలోనే అంతంతమాత్రం.

పాత బుల్లెట్ కొనబోతున్నారా? ఆర్సీ తేదీ చూసి మురిసిపోకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీరే కిక్కు కొట్టి చూడండి.