గరళం మింగిన వైద్యుడు

జఠరంలోని తీవ్రమైన ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకజాలదని వైద్యలోకం చిరకాలం విశ్వసించింది. కడుపులో పుండుకు మనోవ్యథ, అధికామ్లమే కారణాలని భావించేవారు. రోగికి చప్పిడి పథ్యం, ఏళ్లతరబడి మందులు, కొందరికి శస్త్రచికిత్స తప్పేవి కావు.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు రోగి జఠరం నుండి తీసిన కణజాలంలో వంకర తిరిగిన బాక్టీరియాను చూశారు. యువవైద్యుడు బారీ మార్షల్ ఆయనకు తోడయ్యారు. 1982లో ఆ జీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. అయినా పలువురు నిపుణులు నమ్మలేదు. లోకహితానికై శివుడు గరళం మింగినట్లు, 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్దిదినాలకే వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీలో జఠరపు లోపొర వాచినట్లు తేలింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఆ జీవి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. అది యూరియాను విడగొట్టి, అందులో పుట్టే అమ్మోనియాతో ఆమ్లం నుండి తనను కాపాడుకొంటుంది. ఆ రక్షణోపాయమే దానిని పట్టిస్తుంది. ప్రత్యేక కార్బన్ గల యూరియాను రోగిచేత మింగించి, నిశ్వాసంలో ఆ కార్బన్ కనిపిస్తే జీవి ఉన్నట్లు గుర్తిస్తారు. నొప్పిమాత్రల వలన కలిగే పుండ్లకు చికిత్స వేరు. ఈ జీవి వలన కలిగినవాటికి మాత్రం సుమారు రెండు వారాల యాంటీబయాటిక్ చికిత్సతో చాలామందికి స్వస్థత చేకూరుతోంది.

సూక్ష్మదర్శిని అంతకుముందూ ఉన్నది. కనిపించినదానిని నమ్మే ధైర్యమే ఆలస్యంగా వచ్చింది.