జేబులు ఖాళీ చేస్తేనే రాప్టర్ సవారీ!

ఓర్లాండో వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా కోస్టర్ ఎంత ఎత్తు, ఎంత స్పీడు అని మొదలెడతారు. నేను మాత్రం లాకర్ల గది గురించి చెబుతాను. నవ్వకండి!

ఫ్లోరిడాలో యూనివర్సల్ వారి 'ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్' పార్కులో 2021 జూన్ 10న మొదలైంది 'జురాసిక్ వరల్డ్ వెలాసికోస్టర్'. క్యూయే సగం సినిమా. క్రిస్ ప్రాట్, బ్రైస్ డల్లాస్ హోవర్డ్ తెర మీద కనిపించి మాట్లాడతారు. ఇంకాస్త ముందుకెళితే మూతికి పట్టీలు బిగించిన రాప్టర్లు బుసకొడుతుంటాయి. బొమ్మలే లెండి... అయినా మా బావమరిది నా వెనక్కి చేరాడు! చుట్టూ ఫొటోలే ఫొటోలు. ఎందుకంటే రైలెక్కబోయే ముందు దాకా ఫోను మన చేతిలోనే ఉంటుంది.

అక్కడ వస్తాయి లాకర్లు. డబ్బులడగరు. టికెట్ చూపిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కిటుకేమిటంటే, ఒక్కో లాకరుకి రెండు తలుపులు. ఎక్కేవాళ్ళు ఇటు పెడతారు, దిగి అటువైపు నుంచి తీసుకుపోతారు. ఫస్టు షో వదిలినప్పుడు సెకండ్ షో జనం ఎదురు తోసుకొచ్చే గేటు దగ్గర నలిగిన వాళ్ళకి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పాలా?

తర్వాత మెటల్ డిటెక్టర్. మావాడు దాటాడో లేదో కుయ్యిమంది! జేబులన్నీ వెతికితే పసుపు గుడ్డ దొరికింది. ప్రయాణం క్షేమంగా జరగాలని అత్తయ్య కట్టిచ్చిన ముడుపు రూపాయి.

"దేవుడిది బావా, పడిపోదులే!"

అక్కడి అమ్మాయి ఒప్పుకుంటేగా! చిరునవ్వుతోనే లాకరు వైపు చెయ్యి చూపించింది. వాడు సణుక్కుంటూ వెళ్ళాడు.

నాకైతే ఆ అమ్మాయిదే న్యాయం అనిపించింది. ఇదే పార్కులో వెనక 'డ్రాగన్ ఛాలెంజ్' అని జంట కోస్టర్ ఉండేది. రెండు రైళ్ళు ఎదురెదురుగా దూసుకొచ్చి, తగిలీ తగలనట్టు తప్పుకునేవి. 2011 వేసవిలో రోజుల తేడాతో ఇద్దరు గాయపడ్డారు. ఒకాయన కన్నే పోయింది. ఎవరి దగ్గర్నుంచో ఎగిరిపడ్డ వస్తువే తగిలి ఉంటుందని అనుమానించారు. ఆ ఏడే రెండు రైళ్ళని కలిపి వదలడం మానేశారు. 2017లో కోస్టరే మూసేశారు.

ఇక మా సవారీ. భుజాల మీద కమ్మీలుండవు, ఒళ్ళో బిగించే కమ్మీ ఒక్కటే! మొదటి తోపుకే గుండె గొంతులోకొచ్చింది. రెండోది 2.4 సెకన్లలో గంటకు 112 కిలోమీటర్లు! అదే ఊపులో 155 అడుగుల ఎత్తుకెక్కించి, కిందికి దించి, తలకిందులుగా వేలాడదీసి, చివర్లో చెరువు నీళ్ళ మీద గిర్రున తిప్పేసింది. సీటుకీ నాకూ మధ్య గాలి ఆడిన క్షణాలెన్నో! ఆ వేగంలో జారిన ఫోను నిటారుగా కిందపడుతుందనుకున్నారా? రైలు పోయిన దిక్కుకే తనూ దూసుకుపోతుంది. కింద దారిలో పిల్లల్ని ఎత్తుకుని నడిచేవాళ్ళున్నారు మరి.

దిగాక అవతలి తలుపు తెరిచి, ఫోను సంగతి మరిచి, మావాడు ముందు ముడుపు తీసి కళ్ళకద్దుకున్నాడు.

"ఇంకోసారి ఎక్కుదామా బావా?"

ఈసారి ముడుపుని వాడే అందరికంటే ముందు లాకర్లో పెట్టాడు.