తండ్రి లేని గుడ్లు

ప్రాజెక్ట్ పని మీద మాంచెస్టర్‌లో ఒంటరిగా ఉన్న ఏడాది, ఓ ఆదివారం రైలెక్కి చెస్టర్ జూకి వెళ్లాను. కొమొడో డ్రాగన్ కోసమే. అది దీపం వేడికి బోర్లా పడుకుని ఉంది. ఇరవై నిమిషాలు అద్దం ముందు నిలబడితే ఒక్కసారి నాలుక బయటపెట్టింది, అంతే.

నాకు మా తాతయ్య వాళ్ల ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది. అక్కడ ఉడుము కనబడితే కర్రలు పట్టుకుని వెంటపడేవాళ్లు. కొమొడో కూడా ఉడుమే, అదే వరానస్ ప్రజాతి. కాకపోతే మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. మా ఊళ్లో కూర వండుకున్న జీవికి పెద్దన్నని నేను టికెట్ కొని చూస్తున్నానన్నమాట.

ఈ జూలోనే ఫ్లోరా అనే ఆడ డ్రాగన్ ఉండేది. మగదాన్ని ఎప్పుడూ కలవకుండానే 2006లో గుడ్లు పెట్టింది. జన్యు పరీక్ష చేస్తే తండ్రి లేడని తేలింది. 2007 జనవరిలో పిల్లలొచ్చాయి. పత్రికలు కన్య మేరీతో పోల్చి మురిసిపోయాయి. నేనూ చాలాకాలం దాన్నొక అద్భుతంలాగే చెప్పుకు తిరిగాను.

తర్వాత ఆ పరిశోధన గురించి చదివితే ఉత్సాహం కాస్త తగ్గింది. డ్రాగన్లలో ఆడదానికి జెడ్, డబ్ల్యూ క్రోమోజోములుంటాయి. మగ తోడు లేకపోతే గుడ్డు తనలోని సగాన్నే రెట్టింపు చేసుకుంటుంది. రెండు డబ్ల్యూలు వస్తే బతకదు, రెండు జెడ్‌లు వస్తే మగపిల్ల. అంటే పుట్టేవన్నీ మగవే. పైగా పరీక్షించిన జన్యువుల్లో ప్రతిదానికీ రెండు ప్రతులూ ఒకటే! మేం బ్యాకప్ అని ఒకే డిస్క్‌లో రెండు ఫోల్డర్లు పెట్టుకున్నట్టు. చూడ్డానికి రెండు, పోతే రెండూ పోతాయి. ఆడవాటిని విడిగా ఉంచే పద్ధతిని జూలు మళ్లీ ఆలోచించుకోవాలని ఆ శాస్త్రవేత్తలే రాశారు.

విడిగా ఉంచడం క్రూరత్వం కాదు లెండి. వాటి స్వభావమే అంత. పెద్దవి పిల్లల్ని తినేస్తాయి, అందుకే అడవిలో పిల్లలు చెట్లెక్కి పెరుగుతాయి. ఒంటరితనం అన్నది మన మాట, వాటికి అంటగట్టకూడదేమో.

అలాగని మనిషితో చెలిమి చెయ్యవనీ కాదు. 1927లో లండన్ జూకి రెండు డ్రాగన్లు వచ్చాయి. సరీసృపాల విభాగం చూసిన జోన్ ప్రాక్టర్ వాటిలో ఒకదాన్ని ఎంత మచ్చిక చేసుకుందంటే, తోక పట్టుకుని దారి చూపిస్తూ జూ అంతా తిప్పేది. పాపం, ఆవిడ 34 ఏళ్లకే పోయింది.

2021లో కొమొడోని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు. సముద్రమట్టం పెరగడం వల్ల వచ్చే 45 ఏళ్లలో వాటి ఆవాసం కనీసం 30 శాతం తగ్గుతుందని అంచనా. దీవి మునుగుతుంటే చెస్టర్‌లో పిల్లల్ని పొదిగించి ఎక్కడికి పంపుతారు? "సంరక్షణ" అన్న మాట మీద నాకు అనుమానమే. కానీ డ్రాగన్లకి ఇలాంటి పుట్టుక ఉందన్న సంగతి ఆ అద్దాల గదుల్లోనే బయటపడింది. అడవిలో అయితే ఎవరు గమనిస్తారు?

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. తాతయ్య ఊళ్లో ఉడుములు ఇప్పుడు కనబడట్లేదంది. కాసేపాగి, "అంత పెద్ద ఉడుమంటున్నావు, దానికి జత ఉందా మరి?" అనడిగింది.

బోర్డు మీద చూడలేదమ్మా, అన్నాను.