స్టూడియోలో వినబడని తప్పు

ఆ గురువారం సాయంత్రం మా రేడియోలో సిలికోసిస్ మీద లైవ్ ప్రోగ్రాం. తెలుగు గంట. స్టూడియోలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ కూర్చున్నారు. ఈ జబ్బు దేశంలో మొదట బయటపడింది మా కోలారు గనుల్లోనే, 1934లో. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. దుమ్ము పీల్చినవాళ్లు లైన్ ఇళ్లలో ఇంకా దగ్గుతూనే ఉన్నారు. ప్రోగ్రాం వాళ్ల కోసమే. కన్సోల్ దగ్గర నేను.

ఆ వారమే పాత రాగి లైన్ తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే డిజిటల్ ఫోన్ లైన్ పెట్టుకున్నాం. వైర్లన్నీ నేనే కలిపాను.

మొదటి ఫోన్ ఛాంపియన్ రీఫ్స్ నుంచి, ఒక పెద్దాయన. "నమస్కారమమ్మా, నేను గనిలో..." అని ఆగాడు. దగ్గాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. "ఎవుర్రా అది, నా మాదిరే దగ్గేది? ఎగతాళా?" అని ఫోన్ పెట్టేశాడు.

బంగారుపేట నుంచి ఒకామె సగం మాటలో నీళ్లు నమిలి పెట్టేసింది. నా హెడ్‌ఫోన్‌లో ఏ తేడా లేదు. ఏడుగురు చేస్తే ఆరుగురు అట్లే పోయారు. పాట వేశాను. చెయ్యి వణికి తప్పు ఫేడర్ ఎత్తాను. డాక్టరమ్మ ముఖం చూడలేకపోయాను.

రాత్రి రికార్డింగ్ విన్నాను. గొంతులు శుభ్రంగా ఉన్నాయి. అక్కడక్కడ టిక్కుమని మాట తెగింది, అంతే. దాన్నే పట్టుకున్నాను. ఈ లైన్లలో మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. ఇంటర్నెట్ మీద భారం పడితే కొన్ని ఆలస్యమవుతాయి, కొన్ని దారిలోనే పోతాయి. ఆఫీసు కంప్యూటర్ అదే కనెక్షన్ మీద పాటలు దించుకుంటోంది. తప్పు దొరికిందనుకుని పడుకున్నాను.

శుక్రవారం ఫోన్‌కు వేరే కనెక్షన్ ఇచ్చాను. టిక్కులు పోయాయి. మా కుర్రాణ్ని బయట నిలబెట్టి ఫోన్ చేయించాను. "వినిపిస్తోందా?" "వినిపిస్తోందన్నా." సాయంత్రం మూడు కాల్స్ తీసుకున్నాం. మూడూ మధ్యలోనే పోయాయి. లైన్ వేసినవాళ్ల మీద అరిచాను. వాళ్ల టెక్నీషియన్ వచ్చి ఫోన్ లైన్ పెట్టె మార్చి, "లైన్ బాగుందన్నా" అన్నాడు. నమ్మలేదు. అతని మీద పైవాళ్లకు ఫిర్యాదు చేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ రాత్రి నిద్ర లేదు. ఉద్యోగం గురించి భయం ఉంది, లేదనను. అంతకన్నా ఆ పెద్దాయన దగ్గు వదల్లేదు. మా నాయనదీ అదే దగ్గు. 2001లో బూదికోటలో నమ్మ ధ్వని అనే ఊరివాళ్ల రేడియో మొదలైనప్పుడు దానికి గాలిలోకి పంపే లైసెన్సు లేదు, వాళ్లు కేబుల్ మీద మాట పంపారు. స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సు దారి తెరుచుకుంది 2006లో. నాకు లైసెన్సుంది, టవరుంది. అయినా ఫోన్ చేసినవాళ్ల నోరు మూయిస్తున్నాను.

శనివారం మా మేనేజరమ్మ రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒక పెద్దాయన్ను పిలిపించారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేసి రిటైరైన మనిషి, అందరికీ మామ. ఆయన కన్సోల్ వైపే చూడలేదు. "నువ్వు ఎప్పుడన్నా కాలర్‌గా నిలబడినావా అప్పా?" అన్నాడు. నా మొబైల్ చేతికిచ్చి టీ అంగడికి పంపాడు.

అంగడి ముందు నిలబడి "హలో" అన్నాను. కాస్త ఆగి నా చెవిలో నేనే "హలో" అన్నాను. ఇంకో మాట అనబోయాను. నాలుక మడతపడింది.

కాలర్‌కు పంపే శబ్దంలో స్టూడియోలోవన్నీ ఉండాలి, అతని గొంతు ఒక్కటి తప్ప. మిక్స్ మైనస్ అంటారు. నేను మెయిన్ అవుట్‌పుట్‌నే పెట్టెలో గుచ్చాను. డిజిటల్ లైన్ మీద మాట వెళ్లి తిరిగొచ్చేసరికి సెకనులో కొంత భాగం పోతుంది. సొంత గొంతు అంత ఆలస్యంగా చెవిన పడితే చాలామందికి మాట తడబడుతుంది. స్టూడియోలో మాత్రం అది వినబడదు, రికార్డింగ్‌లోనూ ఉండదు. మా కుర్రాణ్ని నేను అడిగింది నా గొంతు గురించి. నీ గొంతు నీకు తిరిగొస్తోందా అని అడగలేదు. మీరు కొత్త లైన్ పెట్టుకుంటే అది అడగండి.

నాయన గనిలో బ్యాంక్స్‌మన్, గని నోటి దగ్గర సిగ్నల్ గంట కొట్టే మనిషి. మనుషులను దించేముందు మూడు గంటలు కొడితే ఇంజిన్ దగ్గర నుంచి మూడు తిరిగి మోగాలి, అప్పుడే మనుషులు కేజ్ ఎక్కాలి అనేవాడు. అక్కడ తిరిగి రావడమే ధైర్యం. ఇక్కడ అదే గొంతు నొక్కింది.

వైరు మెయిన్ నుంచి తీసి ఆక్స్ రెండు అనే విడి అవుట్‌పుట్‌కు మార్చాను. కాలర్ ఛానల్‌లో ఆక్స్ నాబ్ సున్నాకు తిప్పాను. పక్కనే తెల్ల టేపు మీద నా చేతిరాతే, "ఫోన్" అని. రెండు నిమిషాల పని. మామ టీ తప్ప ఏమీ తీసుకోలేదు. టెక్నీషియన్‌కు ఫోన్ చేసి తప్పు నాదన్నాను. "పోనీలేన్నా" అన్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను.

తర్వాత గురువారం డాక్టరమ్మ ఒక్క మాట అనకుండా మళ్లీ వచ్చారు. కాల్ లిస్టులో నంబరు వెదికి ఆ పెద్దాయనకు ముందే ఫోన్ చేశాను.

"ఆ పొద్దు దగ్గింది నువ్వేనా?" అన్నాడు.

"కాదు తాతా, అది మీ దగ్గే. నా తప్పు వల్ల మీకే తిరిగొచ్చింది."

ఆరున్నరకు లైన్లోకి వచ్చాడు. నమస్కారం చెప్పాడు. దగ్గాడు. ఆగి, కాసేపు విన్నాడు. తర్వాత తన పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు.