కట్టమంచి కల

సొంత కల ఉన్న మనిషికి చదువు, ఉద్యోగం, పదవి దారిలో మజిలీలు మాత్రమే. కల లేనివాడికి అవే గమ్యాలు. ఈ తేడా తెలియాలంటే కట్టమంచి రామలింగారెడ్డి జీవితం చూడాలి.

ఇప్పుడు చిత్తూరులో కలిసిపోయిన కట్టమంచిలో 1880లో ఆయన పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతూ, పోటీ కోసం 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. దేవుళ్ల కథో రాజుల కథో ఎత్తుకోలేదు. అనంతపురం సీమలో చెరువు కట్ట తెగినప్పుడు, ఊరిని కాపాడటానికి నీళ్లకు బలైన ఒక కాపు కోడలి కథ తీసుకున్నారు. బహుమతి వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, తన నేలను తన కళ్లతో చూసే అలవాటు స్థిరపడింది.

తర్వాత కేంబ్రిడ్జిలో చదివి, అక్కడి విద్యార్థుల చర్చాసంఘమైన యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము'తో తెలుగు విమర్శకు కొత్త దారి వేశారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షులుగా, అంటే నేటి మాటలో వైస్ ఛాన్సలర్‌గా, బాధ్యత చేపట్టారు. ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవిని వదిలేశారు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా కొనసాగారు.

కుర్చీయే కల అయితే దాన్ని వదలడం అంత తేలిక కాదు. సొంత ఆశయం మనిషికిచ్చే అసలు బలం ఇదే: ఏది పట్టుకోవాలో, ఎప్పుడు వదులుకోవాలో అది చెబుతుంది.