జీలకర్ర, బెల్లం

పోపులపెట్టెలో రోజూ కనిపించే జీలకర్రే. కాస్త బెల్లం కలిపి నూరి, ముద్దచేసి తమలపాకులో పెడితే ముహూర్తం అవుతుంది. మంగళసూత్రధారణే పెళ్లి అనుకుంటాం గానీ, చాలా తెలుగు పెళ్లిళ్లలో శుభలేఖ మీద అచ్చువేసే ఘడియ దీనిదే. తెరకు అటొకరు, ఇటొకరు. ఒకరి నడినెత్తిన ఒకరు ఆ ముద్ద పెట్టి, చెయ్యి తియ్యకుండా ఉంటారు. మేళం ఒక్కసారిగా హోరెత్తుతుంది. తెర తొలగుతుంది. అప్పుడు చూపులు కలవాలి.

పెళ్లిచూపులు, నిశ్చితార్థం, నెలల తరబడి ఫోన్ కబుర్లు అన్నీ అయ్యాక ఇంకా తెరెందుకని అడుగుతారు కొందరు. అడగనివ్వండి. ఎంత తెలిసిన ముఖమైనా తెర వెనక నుంచి వచ్చినప్పుడు కొత్తగానే ఉంటుంది. ఆ ముద్ద కూడా జుట్టుకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. పెద్దలు కోరుకున్నదీ అదేనేమో! తలంబ్రాల అల్లరి, బిందెలో ఉంగరం కోసం పెనుగులాట, పట్టపగలు చూపించే అరుంధతీ నక్షత్రం, అవన్నీ నలుగురి వేడుక. ఈ నిమిషం మాత్రం ఆ ఇద్దరిదే.

ఫోటోగ్రాఫర్ బాబూ, దయచేసి అప్పుడు మాత్రం "ఇటు చూడండి" అనకు. వాళ్లను ఒకరినొకరు చూసుకోనీ.