నల్లరాతి తొట్టి

వించెస్టర్ కెథడ్రల్‌లో ఆ బాప్తిస్మపు తొట్టిని చూడగానే జమ్మలమడుగులో మా ఇంటి గడప గుర్తొచ్చింది. మేం తొక్కుతూ పెరిగిన కడప బండల్లాగే నల్లటి సున్నపురాయి. ఇది మాత్రం 12వ శతాబ్దంలో, ఇప్పటి బెల్జియంలోని టూర్నే నుంచి ఇంగ్లండు చేరిన రాయి.

మా చర్చిలో ఇలాంటి తొట్టి లేదు. 1822లో కడపకు వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ సంప్రదాయం మాది. పాస్టరుగారు గిన్నెలో నీళ్ళు తీసుకుని పాప నుదుట చల్లుతారు. ఆ నీళ్ళతో పాత బతుకు పోయిందని మా జేజి నమ్మేది. ఆమె పిల్లలకు బడి దొరికింది మిషన్‌ వల్లే. నా డాక్టరేటుకు మొదలు అక్కడే, కాదనలేను.

తొట్టి పక్కలకు సెయింట్ నికొలస్ మహిమలు చెక్కారు. మన క్రిస్మస్ తాతకు మూలపురుషుడాయన. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ ఉంది. కట్నం ఇచ్చుకోలేని తండ్రి వాళ్ళను పడుపువృత్తిలోకి పంపబోతే, నికొలస్ రాత్రిపూట ఇంట్లోకి బంగారు మూటలు విసిరి కాపాడతాడు. కట్నమే తప్పని మాత్రం ఆ కథలో ఎవరికీ తోచదు. బిడ్డను కొత్త మనిషిని చేసే నీళ్ళను ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఆ కథే చుట్టుకుని ఉంది.

మా ఇంట్లోనూ అంతే. కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా అక్క పెళ్ళికి నాయన రెండెకరాలమ్మి ప్రొద్దుటూరులో బంగారం కొన్నాడు. పులివెందులలో అత్తగారింట అది బోరుబావి కోసం బ్యాంకు తాకట్టుకెళ్ళింది. అక్క చదువు ఇంటర్‌తో ఆగింది, నాది సాగింది. ఆమె కూతురి బాప్తిస్మానికి నేనూ ప్రొద్దుటూరులోనే గొలుసు కొన్నాను. పాప మెడలో వేస్తుంటే, "పెండ్లికి పనికొస్తాదిలే" అన్నారెవరో. స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నేను నవ్వి ఊరుకున్నాను.

ఊరికొచ్చాక అక్కకు తొట్టి ఫోటో చూపించి కథంతా చెప్పాను. పుణ్యాత్ముడంటుందనుకున్నాను. చాటలో బియ్యం ఏరుతూ అడిగింది:

"ఆ మూట నాయన చేతికి పడిందా మే, పిల్లోల్ల చేతికి పడిందా?"

"నాయనకే."

"అయితే ఇంగేముంది," అంది అక్క, రాయి ఒకటి ఏరి పక్కన పడేస్తూ.